కెమెరా సంగతి తర్వాత, ముందు ఆ గిలక చప్పుడు రికార్డ్ చెయ్యి

నీ ప్రశ్న రెండుసార్లు చదివా తమ్ముడూ. నలుగురు ఫ్రెండ్స్, చేతిలో 40 వేలు, మీ తాతగారి ఊళ్ళో తాళం వేసున్న పాత పెంకుటిల్లు, వెనక నుయ్యి, బ్లాక్ అండ్ వైట్ కాలం దెయ్యం సినిమాలంటే పిచ్చి, వాటిల్లో మ్యూజిక్ అంటే ఇంకా పిచ్చి, 15 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నారు, సెకండ్ హ్యాండ్ కెమెరా ఒకటి 28 వేలకి వస్తోంది తీసుకోమంటారా అన్నా, అని అడిగావ్.

వద్దు. 28 వేలు కెమెరాకి పోస్తే మిగిలిన 12 వేలల్లో తిండి తింటారా సినిమా తీస్తారా? మీ నలుగురిలో ఎవడో ఒకడి దగ్గర కాస్త మంచి ఫోన్ ఉంటుంది, అది చాలు, నిజంగా చాలు. నేను హైదరాబాద్‌లో 11 ఏళ్ళుగా సౌండ్ ఎడిటింగ్ పనిలో ఉన్నా, అంతకుముందు మీలాగే ఫ్రెండ్స్‌తో కలిసి ఆరు షార్ట్ ఫిల్ములు తీశా, అందులో నాలుగు దెయ్యాలవే, ఆ నాలుగింట్లో జనం నిజంగా జడుసుకున్నది ఒక్కటే, అది కూడా బొమ్మ చూసి కాదు, విని. అందుకే ఈ సోదంతా. ఓపికుంటే చదువు.

పాత హారర్ ఇష్టమన్నావ్ కాబట్టి "కార్నివాల్ ఆఫ్ సోల్స్" చూసే ఉంటావ్, చూడకపోతే ఇవ్వాళే చూడు, 1962ది. తీసినాయన హెర్క్ హార్వీ, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం లారెన్స్ అనే ఊళ్ళో సెంట్రాన్ అనే కంపెనీలో ఉద్యోగం, వాళ్ళు తీసేవేంటంటే స్కూలు పిల్లలకి పాఠాల సినిమాలు, ఫ్యాక్టరీల వాళ్ళకి ట్రైనింగ్ సినిమాలు. మన లెక్కలో పెళ్ళి వీడియోలు తీసుకుని బతికే మనిషి అనుకో. ఆయన ఒకసారి కారులో వస్తూ సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఉప్పు సరస్సు ఒడ్డున సాల్టెయిర్ అని ఒక పాడుబడ్డ వినోదశాల చూశాడు, ఒకప్పుడు జనం డాన్సులు చేసిన చోటు, అప్పటికి దిక్కూ మొక్కూ లేకుండా పడుంది. కథ లేదు, హీరోయిన్ లేదు, ముందు ఆ బిల్డింగ్ దొరికింది. ఆఫీసులో తోటి ఉద్యోగిని పట్టుకుని క్లైమాక్స్ అక్కడ జరగాలి, మిగతాదంతా నీ ఇష్టం, రాసెయ్ అన్నాడు. సెలవు పెట్టి మూడు వారాల్లో షూటింగ్ కానిచ్చేశాడు, మొత్తం ఖర్చు సుమారు 33 వేల డాలర్లు. హీరోయిన్ వెంటపడే తెల్లమొహం మనిషి వేషం కూడా ఆయనే వేసుకున్నాడు, ఇంకొకడికి డబ్బులివ్వక్కర్లేదుగా.

ఇప్పుడు అసలు విషయం. ఆ కథలో హీరోయిన్ చర్చిలో ఆర్గన్ వాయించే అమ్మాయి. కాబట్టి సినిమాకి మ్యూజిక్ కూడా ఆర్గనే, జీన్ మూర్ అనే ఆయన చేశాడు, ఆర్కెస్ట్రా లేదు ఏమీ లేదు. ఒక సీన్లో ఆ అమ్మాయి ఖాళీ చర్చిలో భక్తి సంగీతం ప్రాక్టీస్ చేస్తూ చేస్తూ ఏదో పూనినట్టు ఇంకేదో వాయించేస్తుంది, పాస్టర్ వచ్చి చేతులాపించి ఉద్యోగంలోంచి పంపేస్తాడు. ఒక్క వాయిద్యం, అదే కథ, అదే మ్యూజిక్, అదే భయం. ఇంకో సీన్ ఉంది, బట్టల షాపులో ట్రయల్ రూమ్‌లోంచి బయటికి వస్తే లోకంలో చప్పుడంతా పోతుంది, ఆమె మాట ఎవరికీ వినపడదు, ఆమెని ఎవరూ చూడరు, జనం నోళ్ళు కదుల్తుంటాయి గానీ సౌండ్ లేదు, ఆమె అడుగుల చప్పుడు మాత్రం మనకి వినిపిస్తది. తర్వాత పార్కులో చెట్టు దగ్గర నిలబడితే పిట్ట కూత వినపడుతుంది, దాంతో లోకం మళ్ళీ వచ్చేస్తుంది. ఈ సీన్‌కి ఖర్చెంత? ఎడిటింగ్‌లో ట్రాక్ మ్యూట్ చెయ్యడానికి ఎంతవుద్ది, అంతే.

నేను మొదటిసారి చూసినప్పుడు ల్యాప్‌టాప్ స్పీకర్ పాడైందేమో అనుకుని కేబుల్ పీకి మళ్ళీ పెట్టా.

ఇలాంటిదే 1942లో "క్యాట్ పీపుల్"లో ఉంది. ఆర్‌కేవో స్టూడియోలో వాల్ ల్యూటన్ అనే నిర్మాత, చేతిలో డబ్బు తక్కువ, కథేమో చిరుతగా మారిపోతాననుకునే అమ్మాయిది. పెద్ద సినిమాలకి వేసిన పాత సెట్లే వాడుకున్నారు, వాటిని చీకట్లో ముంచేశారు. రాత్రి ఫుట్‌పాత్ మీద ఒకావిడ నడుస్తోంది, వెనక ఇంకొకావిడ హీల్స్ టక్కు టక్కు, మ్యూజిక్ లేదు. ఉన్నట్టుండి వెనక అడుగుల చప్పుడు ఆగిపోద్ది. ముందావిడ అడుగులు జోరందుకుంటాయి, వెనక్కి చూస్తే ఎవరూ లేరు, ఇంక వచ్చేస్తుంది అనుకునేసరికి పక్కనించి సర్ర్‌ మని పులి బుస కొట్టినట్టు ఒక చప్పుడు, చూస్తే సిటీ బస్సు వచ్చి ఆగింది. ఈరోజుకీ సినిమావాళ్ళు ఆ టెక్నిక్‌ని ల్యూటన్ బస్ అనే అంటారు. అందరూ బస్సుని కాపీ కొట్టారు గానీ దానికి ముందున్న నిశ్శబ్దాన్ని వదిలేశారు. మన షార్ట్ ఫిల్ముల్లో రెండు నిమిషాలకోసారి ఢాం అని పేలుద్ది చూడు, అది భయం కాదు, ఉలికిపాటు, కుక్కర్ విజిల్‌కి కూడా ఉలిక్కిపడతాం.

సరే మా కథ చెప్తా, మీకు పనికొచ్చేది ఇదే. కోనసీమలో మా అమ్మమ్మ వాళ్ళది మండువా లోగిలి, పెరట్లో నుయ్యి, దానికి ఇనప గిలక. మొదటి సినిమా ఆ ఇంట్లోనే తీసి చెడగొట్టా. ఎలాగంటే అందరూ చేసినట్టే, ముందు బొమ్మ తీసేసి, ఎడిట్ చేసేసి, ఆఖర్న నెట్‌లో ఫ్రీగా దొరికిన హారర్ మ్యూజిక్ ఒకటి దింపి అంటించాం, అందులో తోడేలు ఊళ ఉంది, కోనసీమ కొబ్బరి తోటలో తోడేలేంట్రా అని మా మావయ్య నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తది. తర్వాతి ఏడాది అదే ఇంటికి మళ్ళీ వెళ్ళి పని తిరగేశాం. మొదటి రెండు రోజులు కెమెరా బయటికే తియ్యలేదు. ఇల్లంతా తిరిగి ఏది చప్పుడు చేస్తే అది రికార్డ్ చేశాం, తలుపు గడియ, బియ్యం డబ్బా మూత, ఉయ్యాల బల్ల గొలుసులు, రోకలి, అటక మీద ఎలకలు. అన్నిట్లోకీ గిలక గెలిచింది. ఫోన్‌కి తువ్వాలు చుట్టి నూతి గట్టు మీద పెట్టి, మావయ్యని చేద నెమ్మదిగా లాగమన్నా, మూడు నిమిషాలు లాగాడు పాపం, నూనె లేని గిలక కీఈఈచ్ అని. దాన్ని లాప్‌టాప్‌లో వేసి స్పీడ్ సగం చేశా. స్పీడ్ సగమైతే శ్రుతి సరిగ్గా ఒక స్థాయి, అంటే ఆక్టేవ్, కిందకి దిగుద్ది, కీచు కాస్తా ముసలావిడ మూలుగులా అయిపోయింది. ఇంకో సగం తగ్గిస్తే ఏదో పెద్ద జంతువు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది. ఈ రెండూ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఒరిజినల్ కీచు మధ్యలో ఒక్కసారి మాత్రం వదిలి, నలుగురం చీకట్లో కూర్చుని విన్నాం. మావాడొకడు ఏం మాట్లాడకుండా లేచెళ్ళి లైటేశాడు. అప్పుడు అర్థమైంది సినిమా దొరికిందని. నీళ్ళు తోడేవాళ్ళు లేని ఇంట్లో రాత్రి గిలక తిరుగుతోంది, అంతే కథ, ఒక్క పేజీ.

షూటింగ్‌లో ఆ ట్రాక్‌ని బ్లూటూత్ స్పీకర్లో పెట్టేవాళ్ళం, డైలాగ్ లేని సీన్లన్నిటికీ. యాక్టింగ్ రానివాళ్ళు కూడా ఆ చప్పుడికి తగ్గట్టు నడక మార్చేస్తారు, నువ్వు భయపడు భయపడు అని చెప్పక్కర్లేదు. ఇది నా తెలివేం కాదు, ఇటలీలో డారియో అర్జెంటో 1977లో "సస్పీరియా" తీసినప్పుడు గాబ్లిన్ అనే రాక్ బ్యాండ్ చేసిన మ్యూజిక్ ముందే రికార్డ్ చేయించి సెట్లో గట్టిగా పెట్టేవాడు.

ఇంకోటి, మన దెయ్యాలు పాటలు పాడతాయి తమ్ముడూ, తెల్లోళ్ళ దెయ్యాలకి అంత ఓపిక లేదు. 1949లో హిందీ సినిమా "మహల్" నించి మనకి ఇదో ఆచారం, తెల్లచీర, దీపం, దూరంగా పాట. తెలుగులో 1966లో "ఆమె ఎవరు?" వచ్చింది, హిందీ "వో కౌన్ థీ"ని మనోళ్ళు మళ్ళీ తీసినది, అదీ ఈ కోవే. మహల్‌లో "ఆయేగా ఆనేవాలా" ఎలా రికార్డ్ చేశారో తెలుసా, సంగీతం ఖేమ్‌చంద్ ప్రకాశ్, లతా మంగేష్కర్‌ని గది మూల నిలబెట్టి, ముందు వచ్చే సాకీ పాడుకుంటూ మెల్లిగా మైక్ దగ్గరికి నడిచి రమ్మన్నారట, పాట పల్లవి మొదలయ్యేసరికి మైక్ ముందుండాలి. ఇప్పుడు మనం వాల్యూమ్ స్లైడర్ పైకి జరిపి దగ్గరకొచ్చింది అనుకుంటాం, అది రాదు. మనిషి దూరంగా ఉన్నప్పుడు మైక్‌కి గొంతు కన్నా గోడలకి కొట్టి వచ్చే సౌండ్ ఎక్కువ చేరుద్ది, దగ్గరికొచ్చే కొద్దీ గొంతు పెరిగి గోడలు తగ్గుతాయి, చెవి దాన్ని ఇట్టే పట్టేస్తుంది. మేం మా చెల్లిని వంటింట్లో నిలబెట్టి అమ్మమ్మ పాడే లాలి కూనిరాగం తీసుకుంటూ, రెండు గుమ్మాలు దాటి మండువాలోకి నడిపించాం, ఉత్త కాళ్ళతో. మూడో టేక్‌లో గుమ్మం దగ్గర కాలు తగిలి ఒక్క క్షణం పాట ఆగింది, మళ్ళీ అందుకుంది. సినిమాలో అదే వాడాం, అందరూ జడుసుకున్నది ఆ ఆగిన చోటే.

మ్యూజిక్ దగ్గరికొద్దాం. నువ్వు కీబోర్డ్ వాయిస్తానన్నావ్, కాబట్టి తన సినిమాలకి తనే మ్యూజిక్ చేసుకునే డైరెక్టర్ జాన్ కార్పెంటర్ నీకు గురువు. "హాలోవీన్" 1978, 3 లక్షల చిల్లర డాలర్లు, హాలీవుడ్ లెక్కలో చిల్లరే. మ్యూజిక్ లేని కాపీ ఒక స్టూడియో ఆవిడకి చూపిస్తే ఆవిడకి అస్సలు భయమే వెయ్యలేదట, తర్వాత ఆయనే కూర్చుని మూడు రోజుల్లో మ్యూజిక్ చేశాడు. ఆ పియానో ట్యూన్ అయిదు దెబ్బల లెక్క, చిన్నప్పుడు వాళ్ళ నాన్న బాంగోస్ మీద నేర్పించిన తాళం. మనకిది కొత్త కాదు, మన తాళాల్లో అయిదు లెక్కది, ఖండమే. దాన్ని జాగ్రత్తగా వింటే తకిట తకిట తక తక అని పదక్షరాలు. జనాల కాలు నాలుగు లెక్కకి అలవాటు పడి ఉంటది, అయిదు వస్తే ప్రతిసారీ మెట్టు తప్పినట్టుంటది, ఎందుకో తెలీదు గానీ కుదురుండదు. మృదంగం నేర్చుకున్నవాడు ఎవడైనా మీ ఊళ్ళో ఉంటే పట్టుకో, ఖండ చాపు మీద డప్పో ఘటమో వాయించమను, స్పీడ్ తగ్గించి.

ఒక్క వాయిద్యానికో ఒక్క జాతి వాయిద్యాలకో కట్టుబడండి. "సైకో"కి 1960లో బెర్నార్డ్ హెర్మన్ ఒక్క తీగ వాయిద్యాలే వాడాడు, డ్రమ్ము లేదు బూర లేదు, బ్లాక్ అండ్ వైట్ బొమ్మకి బ్లాక్ అండ్ వైట్ మ్యూజిక్ అని ఆయన లెక్క. షవర్ సీన్‌కి అసలు మ్యూజిక్కే వద్దని హిచ్‌కాక్ అన్నాడు, ఈయన వినకుండా చేసి వినిపిస్తే అప్పుడు ఒప్పుకున్నాడు. మీకు నేనిచ్చే సలహా హార్మోనియం, పాత భజన మందిరంలో దుమ్ము కొట్టుకుని ఒకటి ఉంటుంది అడుగు. పక్కపక్క మెట్లు రెండు ఒకేసారి నొక్కి తిత్తి నెమ్మదిగా వదులు, రెండు శ్రుతులు కొట్టుకుని గుంయ్ గుంయ్ అని ఊగుద్ది. లేదంటే షడ్జం, ప్రతి మధ్యమం కలిపి పట్టుకో, ఎక్కడికో దిగాలి కానీ దిగదు. మెట్లేవీ నొక్కకుండా ఉత్త తిత్తి కొడితే వచ్చే గాలి చప్పుడు కూడా రికార్డ్ చెయ్యి, అది ఇంటి ఊపిరి. శ్రీకాకుళం విజయనగరం వైపు చుట్టాలుంటే జముకు విను ఒకసారి, తీగని బిగించి వదుల్తూ మీటుతారు, శ్రుతి సాగి సాగి పైకి పోద్ది, సింథసైజర్ ఎందుకూ పనికిరాదు దాని ముందు. ఆ కళాకారులకి డబ్బులిచ్చి వాయించుకోండి, ఫ్రీగా కాదు.

పాత సినిమా పాట వాడదామని మాత్రం అనుకోకు. నేను వాడా. చాలా పాత పాట, ముప్పై సెకన్లు, రేడియోలో వస్తున్నట్టు, భలే కుదిరింది, అప్‌లోడ్ చేసిన మర్నాడే కాపీరైట్ క్లెయిమ్ పడి సినిమా ఆగిపోయింది, ఎవరికి ఎన్ని మెయిల్స్ పెట్టినా ఉలుకూ లేదు పలుకూ లేదు. మన చట్టంలో రికార్డింగ్ హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నించి 60 ఏళ్ళు ఉంటుంది, అది తీరిపోయింది కదా అనుకున్నా, కానీ పాట రాసినాయన ట్యూన్ కట్టినాయన హక్కులు వేరే, అవి వాళ్ళు పోయాక కూడా 60 ఏళ్ళు. కాబట్టి అమ్మమ్మ లాలి బెస్ట్, కాకపోతే మీరే పాడి మీరే రికార్డ్ చెయ్యాలి. హక్కుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, 1968లో "నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్" వాళ్ళు ఆఖరి నిమిషంలో టైటిల్ మార్చి, కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ లైన్ పెట్టడం మర్చిపోయారు, అప్పటి అమెరికా చట్టం ప్రకారం సినిమా అందరి సొత్తు అయిపోయింది. ప్రపంచమంతా చూసింది, వాళ్ళకి రావాల్సిన డబ్బు రాలేదు.

ఆ సినిమాలో రక్తం చాక్లెట్ సిరప్. సైకోలో కూడా అంతే, బ్లాక్ అండ్ వైట్‌లో ఎరుపుకీ గోధుమరంగుకీ తేడా తెలీదు. మేం పంచదార పాకంలో కోకో పొడి కలిపి మావాడి మెడ మీద పోసి నేల మీద పడుకోబెట్టాం, శవం వేషం. పల్లెటూరి ఇంటి నేల కదా, పది నిమిషాల్లో చీమలు. శవం లేచి నూతి దగ్గరికి పరిగెత్తింది. కాబట్టి పాకం వాడితే చుట్టూ పసుపు గీత గియ్యండి, లేదా క్లోజప్ తీసేసి వెంటనే కడిగెయ్యండి.

లైటింగ్ గురించి పెద్దగా చెప్పను, బ్లాక్ అండ్ వైట్ సగం పని అదే చేస్తది. సున్నం గోడ ఉంటే నీడలతో ఆడుకోండి, ఫోన్ ఫ్లాష్ లాంటి చిన్న లైట్ నేల మీద పెట్టి మనిషి దానికి దగ్గరగా నిలబడితే నీడ గోడంత అవుద్ది, అంచులు కత్తిలా ఉంటాయి. పొగ కావాలంటే సాంబ్రాణి, కిటికీలు మూసి. ఫోన్లో మాన్యువల్ యాప్ పెట్టుకుని సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బుల మినుకు రాదు.

రికార్డింగ్ దగ్గర మాత్రం బద్ధకిస్తే నేనొప్పుకోను. కెమెరా ఫోన్ సౌండ్ పనికిరాదు, రెండో ఫోన్ రికార్డర్ చెయ్యండి, ఒక వైర్డ్ కాలర్ మైక్ వెయ్యి రూపాయల్లో వస్తుంది, మాట్లాడేవాడి జేబులో ఫోన్, ఫ్లైట్ మోడ్‌లో. మొదట్లో చప్పట్లు ఒకటి కొడితే ఎడిటింగ్‌లో కలపడం తేలిక. ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ ఆపండి, బైక్ తాళం ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే ఆన్ చెయ్యడం మర్చిపోయి పాలు విరుగుతాయి. ప్రతి గదిలో అందరూ నోరు మూసుకుని ఒక నిమిషం ఉత్త గది చప్పుడు రికార్డ్ చెయ్యండి, రూమ్ టోన్ అంటాం, అది లేకపోతే డైలాగ్‌కీ డైలాగ్‌కీ మధ్య గొయ్యి పడినట్టు వినిపిస్తది. ధనుర్మాసంలో పెట్టుకోకండి బాబూ, మేం పెట్టుకున్నాం, రాత్రంతా లైట్లు సర్దుకుని తెల్లారుజామున నాలుగున్నరకి అసలు సీన్ మొదలెడితే గుళ్ళో మైక్ తిరుప్పావై అందుకుంది, దెయ్యం ఎలా వస్తుంది ఇంక. వానాకాలం కప్పలు కూడా అంతే, వాటిని ముందే రికార్డ్ చేసి ఉంచుకో గానీ డైలాగ్ మీద పడనివ్వకు.

డబ్బు సంగతి, 40 వేలల్లో తిండికి 10 పక్కన పెట్టు, ముందే. రాత్రి రెండింటికి వేడి టీ ఇస్తే ఫ్రెండ్స్ మర్నాడు కూడా వస్తారు. మైకులకీ ఒక ట్రైపాడ్‌కీ అయిదారు వేలు, వాయించేవాళ్ళకి 8, ప్రయాణాలు 5. ఎడిటింగ్‌కి డావిన్సీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ చాలు. మిగిలింది ఖర్చు పెట్టకు, ఒకరోజు మళ్ళీ షూట్ చెయ్యాల్సి వస్తది, ఖాయం. ఇంకా మిగిల్తే అప్పుడు ఆలోచించు కెమెరా గురించి. 15 నిమిషాలు కూడా ఒకేసారి దిగకు, ముందు మూడు నిమిషాలది ఒకటి తియ్యి. శామ్ రైమీ వాళ్ళు కూడా "ఈవిల్ డెడ్"కి ముందు 1978లో సూపర్ 8 ఫిల్మ్ మీద చిన్నది తీసి, అది చూపించే పెట్టుబడి అడిగారు. కెమెరాని చెక్కకి బిగించి ఇద్దరు చెరో కొస పట్టుకుని అడవిలో పరుగెత్తిన కుర్రాళ్ళు వాళ్ళు.

మీ నుయ్యికి గిలక ఉందో లేదో చెప్పలేదు, ప్లాస్టిక్‌ది వేసేసి ఉంటే పనికిరాదు, పాత ఇనపది ఎవరింటి అటక మీదో ఉంటుంది వెతుకు. ఈలోగా మా గిలక ఫైల్ పంపిస్తా, ఒరిజినల్ మూడు నిమిషాలది, వాడుకోండి, క్లెయిమ్ ఏమీ వెయ్యను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి విను. రెండో నిమిషం దాటాక ఒక దగ్గు వినిపిస్తది, అది దెయ్యం కాదు, మా మావయ్య, కట్ చేసుకో.